ఆ పిల్ల బతికిందేటే?

మొన్న అటక మీది అట్టపెట్టెలు దింపుతుంటే పాత పుస్తకాల మధ్యలో అది మళ్లీ కనబడింది. పేజీలన్నీ ఉబ్బిపోయి, అట్ట సగం ఊడిపోయి ఉంది, పక్కన పెట్టి పని చూసుకుందాం అనుకున్నాను గానీ చేతిలోకి తీసుకున్నాక ఇంక లేవలేకపోయాను, ఆ దుమ్ములోనే నేల మీద కూర్చుండిపోయాను.

దాన్ని కొని ముప్పై ఏళ్లు దాటింది. 1995 వేసవి, టెన్త్ పరీక్షలు అయిపోయి రిజల్ట్స్ కోసం చూస్తున్న రోజులు. విశాఖపట్నంలో జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్మే ఆయన దగ్గర బేరమాడి పన్నెండు రూపాయలకి తీసుకున్నా. ఆన్ ఫ్రాంక్ డైరీ, ఇంగ్లీషుది. ఆ అమ్మాయి ఎవరో నాకప్పటికి తెలీదు, అట్ట మీద ఫోటో చూసి నా వయసు పిల్లలా ఉందే అనిపించి తీసుకున్నా, అంతే.

మాది కంచరపాలెం. రాత్రంతా గూడ్సు వేగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు, గాలి ఇటు తిరిగితే హార్బర్లోంచి ఓడ కూత. ఆ చప్పుళ్లు లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే బర్మా క్యాంపు. బర్మా నుంచి తిరిగొచ్చేసిన మనవాళ్లు అరవైల్లో వచ్చి స్థిరపడ్డ చోటు. ఆ క్యాంపులో కొన్నాళ్లుండి తర్వాత మా వీధిలో చివరింట్లోకి వచ్చింది రంగం మామ్మ. అందరూ అలాగే పిలిచేవాళ్లు. చిన్నప్పుడు నేను రంగం అంటే నాటకాల స్టేజీ అనుకునేదాన్ని, ఆవిడ నాటకాల్లో వేషాలు వేసేదేమో అని చాలాకాలం నమ్మాను కూడా. రంగం అంటే రంగూన్ అని మా నాన్న చెప్పేదాకా తెలీదు. మా వైపు పాతవాళ్లకి రంగం వెళ్లడం అంటే ఈ రోజుల్లో గల్ఫ్ వెళ్లడం లాంటిదట, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, కాకినాడ నుంచి ఓడలెక్కి వేలకి వేలమంది వెళ్లేవాళ్లు, అక్కడ హార్బర్లో బస్తాలు మొయ్యడానికి, రైసుమిల్లుల్లో పనికి, రిక్షాలు లాగడానికి.

ఆ వేసవిలో సాయంత్రం అయ్యేసరికి కరెంట్ పోయేది. లోపల ఉక్కపోత భరించలేక అరుగు మీద కిరసనాయిలు దీపం పెట్టుకుని చదువుకునేదాన్ని, పక్కన డిక్షనరీ. మామ్మ విసనకర్ర ఊపుకుంటూ వచ్చి కూర్చునేది. ఆవిడకి చదువు రాదు. మొదటి రెండ్రోజులు ఊరికే చూసింది, మూడో రోజు అడిగింది.

"ఏటే గుంటా, అంతలా సదూతన్నావు, ఏటుంది అందులో?"

"ఒక అమ్మాయి మామ్మా. యుద్ధంలో ఇంట్లోవాళ్లతో కలిసి ఓ మేడ మీద దాక్కుంటుంది."

"ఏ యుద్దం? జపానోడి యుద్దమేనా?"

"అదే. కాకపోతే అక్కడ జర్మనీవాళ్లు."

"అయితే పైకి సదువు. నానూ ఇంటాను."

అలా మొదలైంది. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో చెప్పేదాన్ని, తెలీని మాట వస్తే దీపం దగ్గరికి డిక్షనరీ లాక్కుని వెతికేదాన్ని, ఆవిడ ఓపిగ్గా ఆగేది. ఆమ్‌స్టర్‌డాంలో కాలవ పక్కన ఇల్లు, కింద ఆఫీసు, గోడౌను, వెనకవైపు పైఅంతస్తుల్లో జర్మనీవాళ్లకి దొరక్కుండా దాక్కున్న ఎనిమిదిమంది యూదులు, అక్కడికి వెళ్లే తలుపుకి అడ్డంగా తిప్పితే తిరిగే పుస్తకాల బీరువా. పగలు కింద పనివాళ్లు ఉన్నంతసేపూ చెప్పులు వేసుకోకూడదు, కుళాయి తిప్పకూడదు, దొడ్లో నీళ్లు పొయ్యకూడదు. వాళ్లక్కకి దగ్గు వస్తే రాత్రిపూట దగ్గకుండా మందు పట్టేవాళ్లు. అది చెప్పినప్పుడు మామ్మ విసనకర్ర ఆపేసి, "అక్కకి మందు పోసినారు సరే, పసిపిల్ల ఉండుంటే ఏటి సేసుందురు?" అంది. పసిపిల్లలెవరూ లేరు మామ్మా అన్నాను. "పోన్లే, అదృష్టవంతులు," అంది. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

నాకో అలవాటుంది, పుస్తకం ఏదైనా చివరి పేజీలు ముందు చూసేసేదాన్ని. అందుకని మొదటిరోజే నాకు తెలుసు. డైరీ 1944 ఆగస్టు 1తో ఆగిపోతుంది. ఆగస్టు 4న పోలీసులొచ్చి అందర్నీ పట్టుకుపోయారు. అక్కా చెల్లెళ్లిద్దరూ బెర్గెన్ బెల్సెన్ క్యాంపులో 1945 మొదట్లో టైఫస్ జ్వరంతో పోయారు, ముందు అక్క, కొద్దిరోజులకే చెల్లెలు. ఆ క్యాంపుని బ్రిటిష్ సైన్యం విడిపించింది ఏప్రిల్ 15న. కొన్ని వారాలు. ఎనిమిదిమందిలో తిరిగొచ్చింది తండ్రి ఒక్కడే.

ఇవన్నీ తెలిసి కూడా రోజూ సాయంత్రం ఏమీ తెలీనట్టే చదివేదాన్ని. పుస్తకం మూసేటప్పుడు మామ్మ రోజూ అదే అడిగేది.

"ఆ పిల్ల బతికిందేటే?"

"ఇంకా అక్కడిదాకా రాలేదు మామ్మా."

పుస్తకంలో గుర్తుకి పేజీ మూల మడుస్తున్నానని ఓ రోజు కోప్పడింది, పుస్తకాన్ని అలా విరిచేత్తారేటే అని. మర్నాడు తన ట్రంకు పెట్టె అడుగు నుంచి ఓ నోటు తెచ్చిచ్చింది. నాలుగు మడతలు పెట్టి పెట్టి, మడతల దగ్గర తెల్లబడిపోయిన వంద క్యాట్ల నోటు. బర్మా అక్షరాలు మన తెలుగులాగే గుండ్రంగా ఉన్నాయి, కూడబలుక్కుంటే చదవగలనేమో అనిపించేలా ఉన్నాయి గానీ ఒక్కటీ రాదు. "ఇది సెల్లదు. ఇంకేటికి పనికొస్తాది, నీ పుస్తకంలో ఎట్టుకో," అంది. తర్వాతెప్పుడో తెలిసింది, 1964లో అక్కడి మిలటరీ ప్రభుత్వం కొట్లన్నీ స్వాధీనం చేసుకుని, మే నెలలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించేసిందని. యుద్ధం అయ్యాక మళ్లీ రంగం వెళ్లి, మామ్మా వాళ్లాయన చిన్న కిరాణా కొట్టు పెట్టుకుని కూడబెట్టిందంతా అలాంటి నోట్లలోనే ఉండేదట. మిగతావి పొయ్యిలో పెట్టేసి ఒక్కటి మాత్రం జాకెట్టు కుట్టులో దాచి తెచ్చుకుంది. ఎందుకు మామ్మా అంటే, ఏమో మరి, ఒట్టి చేతుల్తో ఓడ దిగలేక అంది.

ఆ పుస్తకం వింటుంటే ఆవిడ కథ కూడా మధ్యమధ్యలో వచ్చేది. వరసగా కాదు, ఏదో ఒక మాట దగ్గర తగులుకుని. ఆ పిల్లకి ఎన్నేళ్లే అని అడిగింది ఓసారి. 1929 జూన్‌లో పుట్టింది మామ్మా అన్నాను. "మరి నాను కొట్లాట ఏడు పుట్టినాను," అంది. ఏ కొట్లాట అంటే రంగంలో మనోళ్లకీ బర్మావోళ్లకీ కొట్లాట అంది, అప్పుడు తను వాళ్లమ్మ కడుపులో ఉందట, వాళ్ల నాన్న మూడురోజులు బియ్యం బస్తాల వెనక నక్కి బతికాడట. చాలా ఏళ్ల తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలో ఓ చరిత్ర పుస్తకం తిరగేస్తుంటే కనబడింది అది. 1930 మే నెల, రంగూన్ హార్బర్లో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు, కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీల్ని పెట్టుకున్నాయి, సమ్మె తేలిపోయాక బర్మావాళ్లని పొమ్మన్నాయి, మే 26న మొదలైన గొడవ రోజుల తరబడి సాగి ఎంతోమంది మనవాళ్లు వీధుల్లో చచ్చిపోయారు. దొరలకి రెండువైపులా పని జరిగిపోయింది, చచ్చింది మాత్రం బస్తాలు మోసేవాళ్లు. రెండు పేరాల్లో రాసేశారు దాన్ని ఆ పుస్తకంలో. ఆ రెండు పేరాల్లో ఎక్కడో బస్తాల వెనక మా మామ్మ వాళ్ల నాన్న ఉన్నాడు అనుకుంటూ లైబ్రరీ మూసేదాకా అక్కడే కూర్చున్నా.

అంటే ఆన్ ఫ్రాంక్ కంటే ఏడాది చిన్నది మామ్మ. ఇద్దరూ ఒకే ఈడు పిల్లలు. ఫోటోలో ఉన్న పిల్ల ఎప్పటికీ పిల్లే కాబట్టి, అరుగు మీద కూర్చుని తమలపాకు నవుల్తున్న ముసలావిడతో ఆ అమ్మాయిని పక్కపక్కన పెట్టి చూసే ఆలోచన నాకసలు రాలేదు అప్పటిదాకా.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. "ఇమానాలొచ్చినాయని జనం బయటికొచ్చి సూత్తన్నారే. నానూ సూసినాను. ఎండకి మెరుత్తన్నాయి. పండగలా ఉండింది." అంతే చెప్పింది దాని గురించి, పండగలా ఉండింది అని. తర్వాత వాళ్లు బయల్దేరారు. ఓడ టిక్కెట్లు దొరకలేదు, ప్రోమ్ దాకా ఎలాగో వచ్చి అక్కడి నుంచి కొండల మీదుగా తౌంగుప్ దారిలో నడక, వంద మైళ్లకి పైనే. నీళ్లు లేవు, ఉన్న చోట కలరా. ఆ నెలల్లో బర్మా నుంచి నాలుగు లక్షలమందికి పైగా మనవాళ్లు ఇండియాకి వచ్చారంటారు, రకరకాల దారుల్లో, అందులో పదుల వేలమంది దారుల్లోనే రాలిపోయారు. సముద్రం ఒడ్డుకి చేరాక పడవ, ఆ తర్వాత చిట్టగాంగ్, కలకత్తా, చివరికి వాల్తేరు స్టేషన్, అంటే మన విశాఖపట్నమే.

ఈ నడక గురించి చెప్పేటప్పుడు మామ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టేది. "అమ్మ, అయ్య, మామయ్య, నాను, తమ్ముడు. అయిదుగురం బయలెల్లినాం." ఇంకో రోజు వేరే మాటల్లో, "వాల్తేరులో దిగినప్పుడు మా నలుగురికీ కలిపి ఒకటే దుప్పటి," అంది. నేను విన్నాను. వేళ్ల వైపు చూశాను కూడా, బొటనవేలు లోపలికి ముడుచుకునే ఉంది. అడగలేదు. ఆవిడ నన్ను రోజూ అడిగే ప్రశ్నకి నేను అబద్ధం చెప్తున్నా కదా, నేనెలా అడుగుతాను.

వాళ్లు విశాఖపట్నం చేరి నెల తిరిగిందో లేదో, 1942 ఏప్రిల్ 6న ఇక్కడ కూడా జపాన్ విమానాలు వచ్చి హార్బర్ మీద బాంబులేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. చనిపోయింది కొద్దిమందే గానీ ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని, కట్టుకోలేనివాళ్లు నెత్తిన మూటలు పెట్టుకుని పల్లెలకి పారిపోయింది. మా అమ్మమ్మ వాళ్లు కూడా అనకాపల్లి వైపు వెళ్లారని మా ఇంట్లో చెప్పుకునేవారు, అదేదో సరదా ప్రయాణం అన్నట్టు చెప్పుకునేవారు, బండి మీద కోళ్లగంప కూడా ఎక్కించుకున్నారని. మామ్మకి మాత్రం అది వేరు. "మమ్మల్నే ఎతుక్కుంటూ ఎనకాలే వొచ్చీసినాయనుకున్నానే. సముద్రం దాటి మరీ వొచ్చినాయంటే ఇంకెక్కడికెల్తాం? మాయమ్మ లెగలేదు. నాను రాను, ఏసీమను, అనీసి కూకుండిపోనాది."

బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఆ రోజు పేలకుండా మిగిలిపోయిన బాంబు ఒకటి పెట్టారు. ఇంటర్‌లో ఉండగా కాలేజీ పిల్లలతో వెళ్లి చూశాను. అందరూ ఓడల బొమ్మల వైపు వెళ్లిపోయారు, నాకు మాత్రం ఏసీమను అంటూ కూర్చున్న ఆ తల్లే కనబడింది అక్కడ. ఇప్పటికీ ఆర్కే బీచ్‌లో ఇసక కోసుకుపోయినప్పుడల్లా యుద్ధం నాటి కాంక్రీటు గూడు ఒకటి బయటపడుతుంటే జనం దాని మీదెక్కి సెల్ఫీలు తీసుకుంటారు, నేను వాళ్లని తప్పు పట్టను, వాళ్లకి చెప్పే మామ్మ లేదు అంతే.

జూన్ మొదట్లో డైరీ చివరికొచ్చేసింది. చాలా నెమ్మదిగా చదివాను, రోజుకి రెండు పేజీలు, కావాలనే. మిత్రసైన్యాలు నార్మండీలో దిగాయని రేడియోలో విని వాళ్లంతా సంబరపడటం, తండ్రి గోడ మీద మ్యాప్ పెట్టి సైన్యం ఎంతవరకూ వచ్చిందో పిన్నులు గుచ్చుకోవడం, ఆ పేజీలు చదువుతుంటే మామ్మ మొహం వెలిగిపోయింది, ఇంకేటి, వొచ్చీసినారు కదా అంది. నా గొంతు పట్టేసింది. దీపం పొగ అని చెప్పి మంచినీళ్లు తాగొచ్చాను.

ఆగస్టు 1 పేజీ అయిపోయింది. తర్వాత పేజీ తిప్పాను, ఇంక ఏమీ లేదు.

మామ్మ అడగలేదు ఆ రోజు. చాలాసేపు ఊరుకుంది. ఎదురింటివాళ్ల రేడియోలో ఏవో పాటలు వస్తున్నాయి. అప్పుడంది.

"సచ్చిపోనాది కదే."

నేను మాట్లాడలేదు.

"నాకు మొదట్నుంచీ తెలుసులే. పుస్తకం అచ్చేయించింది తండ్రని నువ్వు మొదటి దినమే సెప్పినావు. కూతురు బతికుంటే కూతురి రాతలు తండ్రెందుకు అచ్చేయిత్తాడు?"

మరి తెలిసి కూడా రోజూ ఎందుకడిగావు మామ్మా అన్నాను, ఏడుస్తూనే. "అడిగితే ఇంకా రాలేదు అంటావు గదా. ఆ మాట కోసం," అంది.

తర్వాత నేనేం అడక్కుండానే చెప్పింది. తమ్ముడికి మూడేళ్లు. కొండదారిలో నాలుగో రోజో అయిదో రోజో విరేచనాలు పట్టుకున్నాయి. మామయ్య భుజం మీద మోశాడు. వెనక వచ్చేవాళ్లు ఆగొద్దు, ఆగితే అందరూ పోతారు అంటున్నారు. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది. తవ్వడానికి ఏమీ లేదు, రాళ్లు పేర్చి, పైన వాడి చొక్కా పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టారు. "నాలుగో రాయి నాను ఎట్టినాను," అంది మామ్మ. "పెద్దది దొరకలేదు. సిన్న రాయి ఎట్టినాను. అది ఉండిందో ఎగిరిపోనాదో ఇప్పటికీ అదే ఆలోసన నాకు."

ఆ చిన్న రాయి నాకు ఇవాళ్టికీ వదల్లేదు. తర్వాత ఎన్ని చదివానో. హిరోషిమా గురించి చదివాను, ఉదయం ఎనిమిదింబావుకి ఆగిపోయిన గడియారాల గురించి. దేశ విభజన రైళ్ల గురించి. 1943 బెంగాల్ కరువు గురించి చదివినప్పుడు మాత్రం చాలారోజులు అన్నం సరిగ్గా తినలేకపోయాను. బర్మా జపాన్ చేతుల్లోకి పోవడంతో అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది, జపానోళ్లకి దొరక్కూడదని తీరప్రాంతాల్లో పడవలూ బియ్యం నిల్వలూ ప్రభుత్వమే లాగేసుకుంది, ధరలు ఆకాశానికంటాయి, ముప్పై లక్షలమంది దాకా పోయారు. కలకత్తా వీధుల్లో ఇంటింటి ముందూ నిలబడి అన్నం కాదు, గంజి పొయ్యమని అడిగేవాళ్లట. అన్నం అడిగితే పెట్టరని తెలిసి, పారబోసేది పొయ్యమని. మామ్మా వాళ్లు ఒక్క ఏడాది ముందు ఆ వీధుల్లోంచే వచ్చారు కదా అనిపించింది. ఒక పుస్తకంలోది ఇంకో పుస్తకంలోకి ఇలా దారి తీస్తుంది, రంగూన్ హార్బర్లో బస్తా మోసిన మనిషీ కలకత్తాలో గంజి అడిగిన మనిషీ ఒకే బియ్యం గింజకి చెరో వైపు ఉన్నారు. ఇలాంటివి ఎందుకు చదువుతావు, మనసు పాడుచేసుకోవడానికి కాకపోతే అని ఇంట్లో అందరూ అంటారు. నిజమే, పాడవుతుంది. రక్తం, పీనుగులు పేజీల కొద్దీ వర్ణించే పుస్తకాలు నాకూ పడవు, అవి చదివిన రెండోరోజుకి మర్చిపోతాను. వదలనివి చిన్నవే. కుళ్లిపోయిన బంగాళాదుంపలు, గోడ మీద పిల్లల ఎత్తు కొలిచి గీసిన పెన్సిలు గీతలు, అటక కిటికీలోంచి కనబడే ఒక్క చెట్టు.

ఆ రాత్రి సంగతి పూర్తిచేస్తాను. మామ్మ నోటు తీసి, ఆగస్టు 1 పేజీలో తనే పెట్టింది. "ఇక్కడ ఉండనీ. ఇక్కడిదాకా బతికుంది గదా," అంది. తర్వాత పుస్తకం నాకివ్వకుండా ఒళ్లోనే పెట్టుకుని కాసేపు తడుముతూ కూర్చుంది.

"నీకు రాయడం వొచ్చు గదా. మా తమ్ముడి పేరు ఎక్కడా రాసి లేదే. ఏ కాయితంలోనూ లేదు. ఇందులో రాసెట్టు."

ఇంట్లోకెళ్లి వెతికితే పెన్ను దొరకలేదు, చీకట్లో చేతికి దొరికింది పెన్సిల్. చివర్న ఖాళీ పేజీ మీద, ఆవిడ చెప్తుంటే రాశాను. పేరు, ఇంటిపేరు, మూడేళ్లు అని. ఎలా కనబడుతుందో చూపించమంది. దీపం దగ్గరగా పట్టాను. అక్షరాల మీద వేలు పెట్టి, ఇదేనా ఆడి పేరు, ఇంతేనా అంది.

రంగం మామ్మ నేను డిగ్రీ ఫైనల్లో ఉండగా పోయింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి కిటికీలు రెండు విరిగిపడి ఆ గదిలో పుస్తకాల అల్మరా మొత్తం తడిసిపోయింది. కరెంట్ లేని ఆ రోజుల్లో ఇంటినిండా తాళ్లు కట్టి పుస్తకాలు ఆరబెట్టుకున్నాను, సగం పైగా పారెయ్యాల్సి వచ్చింది. ఈ డైరీ ఆరడానికి వారం పట్టింది. నోటు మడతల దగ్గర విడిపోయి నాలుగు ముక్కలైంది, ఆ నాలుగూ ఆ పేజీకే అతుక్కుని ఉన్నాయి, తియ్యలేదు. మొదటి పేజీలో టెన్త్ పిల్లగా ఇంకుపెన్నుతో అంత ముచ్చటపడి రాసుకున్న నా పేరు నీలంగా కారిపోయి ఒక మరకగా మిగిలింది.

చివరి పేజీ తిప్పి చూశాను. పెన్సిల్ కదా, ఏమీ కాలేదు.